చింతాద్రిపేట: మగ్గపు నీడ నుండి ల్యాప్‌టాప్ తాపము వరకు

చెన్నపట్టణమున కూవం నది వంపు తిరిగిన చోట చింతాద్రిపేట యున్నది. ఆ పేటకు మౌంటురోడ్డు వైపున గల రిచ్చీ వీధిని ఎరుగని విద్యార్థి నేడు నగరమున అరుదు. ఒకప్పుడు రేడియో విడిభాగములకును, పిమ్మట టెలివిజన్ సామగ్రికిని పేరుపడిన ఆ వీధియు, దానిని ఆనుకొనియున్న నరసింగపురము వీధియు క్రమముగా కంప్యూటర్ల అంగడిగా మారినవి. ఇరుకైన మెట్ల ప్రక్కన, బల్లయంత దుకాణములలో, చిన్న తిరుగుడుచీలల పెట్టె ముందుంచుకొని పనివారు ల్యాప్‌టాప్‌లను విప్పుచుందురు. వేసవి వచ్చినంతనే వారి యొద్దకు వచ్చు ఫిర్యాదులలో ఒక్కటి తరచుగా వినబడును: యంత్రము కాలిపోవుచున్నది, ఫ్యాను హోరుమనుచున్నది, పని నడుమ దానంతటదియే ఆరిపోవుచున్నది.

ఇది కేవలము నేటి యంత్రముల గొడవ యని తోచవచ్చును. కాని వేడిని ఎట్లు భరింపవలెను, ఎట్లు బయటికి సాగనంపవలెను అను ప్రశ్న ఈ పేటకు క్రొత్తది కాదు. పేట పుట్టుకయే పనిచేయుటకు తగిన చోటును వెదకుటతో ఆరంభమైనది. ఆ సంగతి నెరిగినవారికి నేటి యంత్రముల తాపమును అర్థము చేసికొనుట సులభమగును.

పేట పుట్టుక

1734లో చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండిన జార్జి మార్టన్ పిట్ కాలమున ఈ పేట ఏర్పడినది. ఈస్టిండియా కుంపిణీకి ఆనాడు ముఖ్యమైన సరకు నూలుబట్ట. బట్ట తగినంత దొరకవలెనన్నచో నేతగాండ్రు కోటకు చేరువలో నుండవలెను. కుంపిణీ ప్రధాన వర్తకులలో ఒకడైన సుంకు రాముని తోట అందులకు తగినదిగా ఎంచబడెను. వడకువారు, నేయువారు, అద్దకమువారు, చలువ చేయువారు, వారికి కావలసిన దేవాలయ పరిచారకులు మాత్రమే అందు కాపురముండవలెనని నిర్ణయము జరిగెను. అరవమున 'తరి' యనగా మగ్గము. 'చిన్న తరి పేట' యను మాటయే చింతాద్రిపేటగా మారినదని చెప్పుదురు. ఆదిపురీశ్వర, ఆదికేశవ పెరుమాళ్ళ జంట ఆలయములు నేటికిని ఆ పేటలో కలవు.

మగ్గమునకును తోటకును గల సంబంధము నేతపని నెరిగినవారికి వింతగా తోచదు. పడుగును వీధి పొడవున సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుట తెల్లవారుజాముననో చెట్టు నీడనో జరుగు పని. ఎండ మీద పడినచో గంజి ఉన్నపళముగ ఎండి దారము పెళుసెక్కి తెగును. గుంట మగ్గమును నేలలోనికి దించి యమర్చుట యందును ఒక మేలు కలదు. నేల తేమ పడుగునకు సోకి, దారము మెత్తగా నుండును. కావున నేతగాడు ఎండను తిట్టుచు కూర్చుండలేదు. ఎండ తన పనిని చెరుపని చోటును, వేళను, అమరికను వెదకుకొనెను. ఇంటి యందును, వీధి యందును, మగ్గమునందును తాపమును గూర్చిన ఎరుక ఇమిడియుండెను. ఆ మగ్గములు చాల కాలము క్రిందటనే నిలిచిపోయినవి. వాని స్థానమున వచ్చిన యంత్రములకు మాత్రము అట్టి ఎరుకయే తిరిగి అవసరమైనది.

చల్లదనమునకు రెండు త్రోవలు

చెన్నపట్టణవాసులు వేసవి నెదుర్కొనుటకు పూర్వము రెండు విధములైన ఉపాయములను అవలంబించిరి. మొదటిది వేడిని బయటికి పంపుట. మట్టి కూజాలోని నీరు సన్నని రంధ్రముల గుండ వెలికి ఊరి, ఆవిరియగుచు తనతో వేడిని గొనిపోవును. లోని నీరు చల్లబడును. ద్వారములకు కట్టి తడిపిన వట్టివేళ్ల తడికలు చేయు పనియు ఇదియే. రెండవది చల్లదనమును బయటి నుండి తెచ్చుట. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు చెరువులలో గడ్డకట్టిన మంచును కోసి, రంపపుపొట్టులో పొదిగి, ఓడలపై భారతదేశమునకు పంపిన వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్. 1833లో ఆ మంచు కలకత్తా చేరినది. 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున దానిని నిలువయుంచుటకు ఐస్ హౌస్ కట్టబడెను. 1897లో వివేకానందస్వామి విడిది చేసినది ఆ భవనముననే. యంత్రములతో ఇక్కడనే మంచు చేయుట సాధ్యమైన పిమ్మట ఆ ఓడ వర్తకము ఆగిపోయెను.

ఈ రెండు త్రోవలలో ల్యాప్‌టాప్‌నకు పనికివచ్చునది మొదటిదే. యంత్రము క్రింద మంచుగడ్డల సంచి నుంచువారు, తడిగుడ్డ పరచువారు నేడును కలరు. చెన్నపట్టణపు సముద్రపు గాలిలో తేమ అధికము. మిక్కిలి చల్లనైన లోహముపై ఆ తేమ నీటిబొట్లుగా మారును. ఆ బొట్లు విద్యుత్తు ప్రవహించు పలకపై చేరినచో యంత్రమునకే ముప్పు. పైగా మంచు కరగిన పిదప కథ మొదటికే వచ్చును. వేడి పుట్టుచునే యున్నప్పుడు దానికి వెడలు దారిని చూపుట ఒక్కటే నిలుకడ గల ఉపాయము.

వేడి ఎందులకు పుట్టును

లోహపు తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు వేడి పుట్టుననియు, ఆ వేడి ప్రవాహపు వర్గమునకు అనుపాతముగ నుండుననియు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ 1841లో వెల్లడించెను. గణన యంత్రములకు ఈ సూత్రము మొదటి నుండియు తలనొప్పియే. 1946లో అమెరికాలో లోకమునకు ప్రకటింపబడిన ఎనియాక్ యంత్రమున సుమారు 18,000 వాక్యూం గొట్టములుండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగి, అంతటిని వేడిగా వెలిగ్రక్కెను. 1947లో ట్రాన్సిస్టరు పుట్టి ఆ భారమును తగ్గించెను. 1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 ప్రాసెసరులో సుమారు 2,300 ట్రాన్సిస్టరులు ఒక చిన్న సిలికాన్ పలుకుపై ఇమిడెను. నేటి ప్రాసెసరులలో అవి వందల కోట్లకు చేరినవి.

ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది వోల్టేజి తగ్గును, కావున వేడి పెరగక వేగము పెరుగునని రాబర్ట్ డెన్నార్డును ఆయన సహచరులును 1974లో చూపిరి. ఆ మాట సుమారు 30 ఏండ్లు చెల్లెను. తరువాత వోల్టేజి ఇక తగ్గింపరాని చోటికి చేరినది. 2004లో ఇంటెల్ సంస్థ మరింత వేగముగ నడుపదలచిన తన తేజస్ ప్రాసెసరును విరమించుకొని, ఒకే పలుకులో రెండు, నాలుగు గణన కేంద్రములను అమర్చు త్రోవ పట్టెను. వేగమునకు హద్దు గీచినది మానవుని తెలివి తక్కువయగుట కాదు, వేడి.

ప్రాసెసరు వినియోగించు విద్యుత్తు దాని వేగమునకును, వోల్టేజి వర్గమునకును అనుగుణముగ పెరుగును. ఇందొక మేలుకూడ కలదు. వేగము మార్పకయే వోల్టేజిని నూటికి పది వంతులు తగ్గింపగలిగినచో, ఈ భాగమున వేడి నూటికి దాదాపు 19 వంతులు తగ్గును. సాధారణ ల్యాప్‌టాప్ ప్రాసెసరు 15 మొదలు 45 వాట్ల వరకు గలది. ఆటలకును, చిత్రముల కూర్పునకును ఉద్దేశింపబడిన యంత్రములలో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటియే అంతకు మించి గ్రహించును. వెనుకటి ఇండ్లలోని 60 వాట్ల బల్బును తాకుటకు జంకెడివారము. అంతటి వేడి ఇచట బొటనవ్రేలి గోరంత వైశాల్యమున పుట్టుచున్నదని తలచినచో చిక్కు తెలియగలదు.

వేడి నడచు త్రోవ

ఆ గోరంత చోటున పుట్టిన వేడి గదిలోని గాలిని చేరువరకు కొన్ని మజిలీలు దాటవలెను. సిలికాన్ పలుకుపై థర్మల్ పేస్టు పూయబడియుండును. రెండు లోహపు తలములు ఎంత నునుపుగ కనబడినను వాని నడుమ సన్నని గాలి పొరలుండును. గాలి వేడిని ఏ మాత్రము మోయజాలదు. ఆ ఖాళీలను నింపుటయే పేస్టు పని. దానిపై రాగి పలక. రాగి పలకకు అతికిన చదునైన రాగి గొట్టము హీట్ పైపు. దాని కొస యందు పలుచని రేకుల వరుస. రేకుల వెనుక ఫ్యాను.

హీట్ పైపు మన కూజాకు బంధువే. దానిలో కొద్దిపాటి నీరుంచి, గాలిని తీసివేసి, మూసివేయుదురు. వేడి తగిలిన కొస యందు నీరు ఆవిరియై, చల్లని కొసకు పరుగెత్తి, అచట వేడిని విడిచి తిరిగి నీరగును. గొట్టము లోపలి గోడకున్న నూలుపోగువంటి అల్లిక ద్వారా వెనుకకు పాకును. కూజాలో ఆవిరి గాలిలో కలసిపోవును. ఇచట అదే నీరు ఏండ్ల తరబడి తిరుగుచుండును. ఈ ఊహకు అమెరికాలో రిచర్డ్ గాగ్లరు 1944లోనే పేటెంటు పొందినను, 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవరు దీనిని స్వతంత్రముగ సాధించి చూపిన తరువాతనే లోకము పట్టించుకొనెను.

చాల ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరునకును గ్రాఫిక్స్ కార్డునకును ఈ గొట్టములు ఉమ్మడిగ నుండును. అందుచేత ఒకదాని వేడి రెండవదానికి సోకును. ఆట ఆడునప్పుడు ప్రాసెసరు కాలుచున్నదని విచారించువారు, దోషము తరచుగ గ్రాఫిక్స్ కార్డు వైపు నుండి వచ్చుచున్నదని గ్రహింపవలెను.

వేడిమి వేరు, ఉక్క వేరు

తాపమును సూచించుటకు తెలుగున గల మాటలు పెక్కు. నిప్పు ప్రక్కన తగులునది సెగ. లోహమున ఎక్కునది కాక. బయలున వీచునది వడగాలి. గాలి కదలక, వేడి వెడలక, ఒడలు చెమర్చునది ఉక్క. ఇవి ఒకదానికి మారుగ నొకటి పెట్టదగిన మాటలు కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క స్థితికి గుర్తు. యంత్రమున సెగ పుట్టుట సహజము. దానిని ఆపుట అసాధ్యము. యంత్రమును చెరుచునది ఉక్క.

రిచ్చీ వీధిలో ఒక పాత ల్యాప్‌టాప్‌ను విప్పినప్పుడు ఈ మాటకు కంటికి కనబడు సాక్ష్యము దొరకును. ఫ్యానునకును రాగి రేకులకును నడుమ, కంబళి ముక్కవలె, దుమ్ము పేరుకొనియుండును. తలవెండ్రుకలు, బట్టల నూగు, రోడ్డు దుమ్ము, సముద్రపు తేమ కలసి దానిని అట్టగట్టించును. ఫ్యాను ఎంత వేగముగ తిరిగినను ఆ గోడను గాలి దాటజాలదు. నూలు నేసిన పేటలో యంత్రపు గొంతును మూసివేయునదియు నూలు నూగే యగుట విచిత్రము.

ఋతువును కూడ లెక్కింపవలెను. యంత్రము తన వేడిని గదిలోని గాలికే అప్పగింపవలెను. కావున 25 డిగ్రీల గదిలో 80 డిగ్రీల యొద్ద నిలిచిన ప్రాసెసరు, అదే పని మీద, 40 డిగ్రీల గదిలో సుమారు 95కు చేరును. 2003 మే నెలలో చెన్నైలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకినది. చల్లని దేశమున పరీక్షింపబడిన యంత్రము రేకుల కప్పు క్రింది గదిలో ఎట్లు మెలగునో అమ్మకపు పత్రములు చెప్పవు. 100 డిగ్రీలు సమీపించినప్పుడు ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అప్పటికిని తగ్గనిచో యంత్రము ఆరిపోవును. యంత్రము ముసలిదైనదని, మందగించినదని పారవేయబడు సందర్భములలో కొన్ని నిజమునకు ఈ ఆత్మరక్షణ మాత్రమే.

చేయదగిన పనులు

నేర్పరియైన పనివాడు మొదట యంత్రమును విప్పడు. ఉష్ణోగ్రతలను చూపు సాఫ్ట్‌వేరును నడిపి, ఊరక యున్నప్పుడు ఎంత, పని మీద ఎంత అని చూచును. ఊరక యున్నప్పుడు 40 మొదలు 55, భారము మీద 80 మొదలు 95 వరకు పెక్కు యంత్రములకు సామాన్యము. ఏ పనియు లేకున్నను 80 దాటినచో దారి మూసికొనిపోయినదని అర్థము.

తరువాతి పని దుమ్ము తీయుట. విద్యుత్తును తొలగించి, బ్యాటరీ కలుపును ఊడదీసి, ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టి యుంచి గాలి ఊదవలెను. విడిచిపెట్టి ఊదినచో రెక్క మితిమీరిన వేగమున తిరిగి బేరింగు చెడును. గాలిని ఊదినంత మాత్రాన అట్టగట్టిన దుమ్ము పోదు. ఫ్యానును విప్పి చేతితో తీయవలసియుండును. పిదప ఎండిపోయిన పాత పేస్టును స్పిరిటుతో తుడిచి, క్రొత్తది కొద్దిగా పూయవలెను. ఎక్కువ పూసినచో ఎక్కువ చల్లబడుననుట భ్రమ. పేస్టు రాగి కాదు, ఖాళీని నింపుటకు మాత్రమే అది పనికివచ్చును. మరలను రాగి పలకపై గుర్తించిన అంకెల వరుసననుసరించి బిగింపవలెను. గ్రాఫిక్స్ కార్డు ప్రక్కనున్న మెమరీ పలుకులపై మెత్తని ప్యాడ్లుండును. వాని మందము మారినచో రాగి పలక సరిగా కూర్చుండదు.

విప్పకయే చేయదగినవియు కలవు. పరుపుపైన, దిండుపైన యంత్రము నుంచరాదు; క్రిందనున్న గాలి రంధ్రములు మూసికొనిపోవును. గట్టి బల్లపై, వెనుక వైపు రెండు వ్రేళ్ళ ఎత్తు లేపి పెట్టినను గాలి ఆడును. ఆటలలో సెకనుకు చిత్రముల సంఖ్యను 60కి పరిమితము చేసినచో గ్రాఫిక్స్ కార్డు అనవసరపు శ్రమ మానును. ప్రాసెసరు గరిష్ఠ వేగమును కొంచెము తగ్గించినను వ్రాతపనికి, చదువునకు లోటు కనబడదు. తయారీదారు అనుమతించిన యంత్రములలో వోల్టేజిని కొద్దికొద్దిగా తగ్గించి చూచుటయు ఒక ఉపాయము.

తాత్కాలికమును, శాశ్వతమును

గ్రాఫిక్స్ కార్డు విషయమున ఒక చేదు అధ్యాయము కలదు. యంత్రము వేడెక్కినప్పుడు పలుకును, దాని క్రింది పలకయు సమానముగ వ్యాకోచింపవు. ప్రతిదినము కాగి చల్లారుటచే నడుమనున్న సన్నని టంకపు బొట్లు క్రమముగ పగులును. 2008 జూలైలో ఎన్‌విడియా సంస్థ, తాను అంతకుముందు విక్రయించిన కొన్ని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ పలుకులలో వాడిన పదార్థములు బలహీనముగ నుండి, లెక్కకు మించి చెడుచున్నవని ప్రకటించి, ఆ నష్టమునకై 15 మొదలు 20 కోట్ల డాలర్లు కేటాయించెను. తెర గీతలు పడుట, నల్లబడుట, యంత్రము పలుకకుండుట ఆ వ్యాధి లక్షణములు.

అట్టి పలకపై వేడిగాలిని ప్రసరింపజేసి మరల బ్రతికించు పద్ధతి మరమ్మతుల లోకమున వ్యాపించెను. సీసము కలిసిన సామాన్యపు టంకము 183 డిగ్రీల యొద్ద కరగును. సీసము లేని టంకము సుమారు 217 మొదలు 220 డిగ్రీల యొద్ద కరగును. కొన్నాళ్ళు యంత్రము వెలుగును; పగులునకు మూలమైన దోషము మాత్రము తొలగదు. దెబ్బతిన్న పలుకును మార్చుటయే అసలు మరమ్మతు. ఈ భేదమును ముందుగా చెప్పి రుసుము పుచ్చుకొనువాడు నిజాయితీపరుడు. కొనుగోలుదారుడు అడుగవలసిన ప్రశ్నయు ఇదియే: ఇది కొన్ని నెలల ఊరటయా, మూలమైన చికిత్సయా?

ఎవరికి సంబంధించిన విషయము

2011లో తమిళనాడు ప్రభుత్వము ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలల విద్యార్థులకు ఉచితముగ ల్యాప్‌టాప్‌ల నిచ్చు పథకమును ఆరంభించెను. అటు పిమ్మట పెక్కు ఇండ్లలోనికి మొదటి కంప్యూటరు ఆ త్రోవననే వచ్చినది. తెలుగు మాతృభాషగా గల బిడ్డల ఇండ్లును అందున్నవి. అన్న చదువు ముగిసిన పిదప చెల్లెలికి, ఆమె తరువాత తమ్మునికి ఆ యంత్రము చేరును. అట్టి ఇంట అది ఆరిపోయినచో క్రొత్తది కొనుట మాట లెక్క కాదు; ఒక బిడ్డ చదువు కొన్ని నెలలు నిలిచిపోవును. లోన చేరిన పిడికెడు దుమ్ము తీయుట చేత కాక, యంత్రము చచ్చినదని పాత సామానులవానికి తూకమునకు వేయు ఇండ్లు ఎన్ని గలవో!

రిచ్చీ వీధి పనివారి నేర్పు పుస్తకములలో లేదు. గురువు చేతిని శిష్యుడు చూచి నేర్చును, నేతపనివలెనే. మగ్గపు పనికి తెలుగున పడుగు, పేక, ఆసు, నాడె, కుంచె యని స్వంతమైన మాటలుండెను. ఆ మాటలున్నందున తండ్రి కొడుకునకు దోషమును చెప్పి దిద్దగలిగెను. నేటి యంత్రమునకు ప్రాసెసరు, ఫ్యాను, పేస్టు అను అరువు మాటలే వాడుక. వానిని మార్చ పనిలేదు. కాని అందు జరుగు క్రియకు సెగ, కాక, ఉక్క, ఆవిరి, ఊరుట, చల్లారుట అను మాటలు మన ఇండ్లలో సిద్ధముగ నున్నవి. కూజా నెరిగిన బిడ్డకు హీట్ పైపును చెప్పుట పది నిమిషముల పని. ఉక్క నెరిగిన తల్లికి యంత్రమును పరుపుపై నుంచరాదని చెప్పుటకు అంతసేపును పట్టదు.

1734లో సుంకు రాముని తోటలో మగ్గములు నిలిపినవారు పనికిని తాపమునకును గల సంబంధమును ఎరిగియుండిరి. అదే పేటలో నేడు విప్పబడుచున్న యంత్రములకును ఆ ఎరుకయే కావలసియున్నది. తెలుగు సంఘములు సంవత్సరమున కొకసారి, వేసవి రాక మునుపు, ఒక పూట బల్ల వేసి, ఒక పనివానిని పిలిచి, పాఠశాల బిడ్డల ల్యాప్‌టాప్‌లను విప్పి దుమ్ము తీయించి, ఆ పనిని వారిచేతనే తెలుగున చెప్పించి నేర్పినచో ఖర్చు స్వల్పము. మిగులు యంత్రములు పెక్కు.